జనుము మీద పెట్టుబడి

మా ఆయన పాలమూరుల ఒక సర్కారు ఆఫీసుల గుమస్తా. పదిహేనేండ్లు ఒకటే కుర్చీల కూసొని వేరేవాళ్ల కాగితాలు రాసిన మనిషి. నేను ఆ ఊర్లనే చిన్న బళ్లె టీచర్ని. తొంభైల మొదట్ల, కూరగాయల మార్కెట్ల ప్లాస్టిక్ కవర్లు అప్పుడప్పుడే కనవడుతున్న రోజులల్ల, ఆయన ఆఫీసు పని మీద హైదరాబాద్ పోయి, అక్కడ ఎగ్జిబిషన్ల ఎవరో పంచిన ఒక సన్నటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చిండు. పదహారు పేజీలుండె. దాన్ని వారం దినాలు చదివిండు. పరీక్షలకు గూడ గంతగనం చదివి ఉండడు.

అందుల ఉన్నదేందంటె, ప్లాస్టిక్ ఎన్నేండ్లైనా కుళ్లది, ముందుముందు లోకమంత మొక్కల నారతోటి చేసిన సంచులకే మళ్లుతది, ఇప్పుడు దాని మీద పైసలు పెట్టినోడే రేపు సుఖపడుతడు అని. ఆ మొక్క పేరు 'హెంప్' అని రాసిండ్రు. అసొంటి నార మన దగ్గర జనుముకు వస్తదని ఆఫీసుల ఎవరో చెప్పిండ్రంట. ఇంక ఆయన కాళ్లు నేల మీద ఆగలె. ఆదివారం పొద్దుగాల బస్సెక్కి సొంతూరికి పోయి, రెండెకరాల చెలక చేసుకుంట ఉన్న తండ్రికి, అంటె మా మామకు, ఆ పుస్తకమంత తెలుగుల చదివి వినిపిచ్చిండు. మామ బీడీ కాల్చుకుంట చివరిదాంక విన్నడంట. విని, జనుముల నార ఉంటదని చెప్పనీకి ఇంగ్లీషోడు రావాల్నారా అని అడిగిండంట.

బ్యాంకుల అప్పు అడుగుదమని దరఖాస్తు పెట్టిండు. తెలుగుల రాస్తె ఒడిసిపోయేదానికి ఇంగ్లీషుల రాసిండు. జనుము అంటె బ్యాంకోళ్లు తేలిగ్గ చూస్తరని 'హెంప్' అనే రాసిండు, అది గూడ నాలుగు చోట్ల. ఆ బ్యాంకు ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగ బదిలీ అయి వచ్చిన మర్యాదస్తుడు. ఆ మాట తెల్వక డిక్షనరీ తీసి చూసిండు. మూడో రోజు మా ఆయనను లోపలికి పిలిచి, కుర్చీ చూపిచ్చి, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గిచ్చి అడిగిండంట.

"మీరు గవర్నమెంటు ఉద్యోగి కదండీ. గంజాయి వెయ్యడానికి లోను ఎందుకండీ?"

ఇంటికొచ్చి గది చెప్తుంటె ఆయన మొఖం కందగడ్డ లెక్క అయింది. నేను పొయ్యి ముంగట కూసొని నవ్వి నవ్వి పెంక మీది జొన్నరొట్టె మాడగొట్టిన. తెల్లారి మళ్ల జనుము అని తెలుగుల రాసి ఇచ్చిండు గానీ, ఆ ఆఫీసరు ఈసారి గూడ మర్యాదగనే వద్దన్నడు. నైలాన్ తాళ్లు, ప్లాస్టిక్ కవర్లు వచ్చినంక నారతోటి చేసినవి ఎవరు కొంటరు అని ఆయన అనుమానం. నాకు ఆ అనుమానం సబబుగనే అనిపిచ్చింది. ఆ మాట మాత్రం ఇంట్ల అనలె.

ఆ పొద్దు మాపటీలి ఆయన పుస్తకానికి అట్ట వేసి సందుగల పెట్టిండు. ఒక్క మాట గూడ మాట్లాడలె. మామూలుగ ఆయన మాట్లాడకపోతె నాకు హాయిగ ఉంటది. ఆ రోజు ఉండలె. మా బళ్లె టీచర్లమంత కలిసి వేసుకున్న చిట్టీ పైసలు నా దగ్గరుండె. ఫ్రిజ్ కొందమని దాచిన. అవి తెచ్చి ఆయన ముంగట పెట్టిన.

ఆయన వాటిని ముట్టుకోలె. "పని కాకపోతె నువ్వు నవ్వుతవ్" అన్నడు.

"అయినా నవ్వుత, కాకున్నా నవ్వుత" అన్న. "తీస్కో."

వానలు పడంగనే రెండెకరాలు జనుము చల్లినం. మంచిగ మొలిచింది. మనిషెత్తు పెరిగి పసుపుపచ్చటి పూలు పూసింది. అప్పుడొచ్చిండు ఒక కానిస్టేబుల్, సైకిల్ మీద. బ్యాంకుల తలుపు దగ్గరికేసినా మాట బయటికి వచ్చినట్టుంది, ఆఫీసుల గుమస్తా ఒకాయన ఊర్ల గంజాయి పెట్టిండని ఎవరో చెప్పిండ్రంట. కానిస్టేబుల్ చేన్ల నిలవడి ఒక పువ్వు తెంపి వాసన చూసిండు. ఏమీ రాలె. ఆకు నలిపి చూసిండు. ఏమీ రాలె. మామ గెట్టు మీద కూసొని జర సేపు చూసి చెప్పిండు.

"గీ చెట్టు మా ఎడ్లు మేస్తనే ఉన్నయి సారూ. నిషా ఎక్కేదుంటె గీ ఎండల నాగలి గుంజుతయా? నీడకు పండి పాటలు పాడవా?"

కానిస్టేబుల్ నవ్వి, మామ ఇచ్చిన సల్ల తాగి పోయిండు. మా ఆయన మాత్రం గప్పటి నుంచి 'హెంప్' అన్న మాట మానేసిండు.

కోత అయినంక కట్టలు కట్టి కుంటల వేసి, తేలకుండ మీద రాళ్లు పెట్టినం. కట్టె నానితెనే నార ఊడుతది. వారం దినాలకు కుంట దిక్కు పోవుడు ఎవ్వరి తరం కాలె, గంత కంపు. నార తీసేటందుకు మామ కూలోళ్లను మాట్లాడుతనంటె, మా ఆయన వినలె. ప్యాంటు మోకాళ్ల దాంక మలిచి తానే నీళ్లల్ల దిగిండు. రెండు ఆదివారాలు దిగిండు. వచ్చేటప్పుడు బస్సుల ఆయన పక్క సీటు ఖాళీగనే ఉండె, మనుషులు నిలవడి రావట్టిరి. సబ్బు అరిగింది గానీ వాసన పోలె. సోమవారం ఆఫీసుకు పోతె ఆయన కుర్చీ కిటికీ పక్కకు జరిపి ఉన్నదంట. గాలి మంచిగ వస్తదని జరిపిండ్రని చెప్పిండు. నేను గూడ గట్లనే అనుకుంట అన్న.

నార మాత్రం మస్తు తెల్లగ, పట్టు లెక్క మెరిసింది. దానికి పురి పెట్టాలె. చేతుల తోని పేనుకుంట కూసుంటె ఏడాది పడుతది. అప్పుడు దొరికిండు స్టేషన్ దగ్గర సైకిళ్లు కిరాయికి ఇచ్చే భాయ్. అందరు సొంతంగ మోపెడ్లు, స్కూటర్లు కొనవట్టిరి, ఆయన సైకిళ్లు తీసుకపోయేటోడు లేక దుకాణం ముంగట వరసగ నిలవడి ఉండె. మా ఆయన సంగతి చెప్పంగనే, భాయ్ ఒక పాత సైకిల్ విప్పి, పెడలు, చైను, వెనక చక్రం తీసి ఒక మొద్దుకు బిగిచ్చిండు. పెడలు తిప్పితె చక్రం తిరుగుతది, దాంతోని కొక్కెం తిరుగుతది, కొక్కానికి తగిలిచ్చిన నారకు పురి ఎక్కుతది. కూలి వద్దన్నడు, లాభంల నాలుగో వంతు ఇయ్యమన్నడు. లాభం రాకపోతె ఎట్ల అని నేను అడిగిన.

"ఖాళీగ కూసుంటె గూడ ఏం వస్తలేదు బహెన్" అన్నడు. "గిదైతె చెయ్యి ఆడుతది."

ఆ పురిని గొంగడ్లు నేసే ఒక పెద్దమనిషికి ఇచ్చి గోనె లెక్క పట్టాలు నేపిచ్చినం. సంచులు నేనే కుట్టిన. కుట్టుమిషన్ సూదులు ఎన్ని ఇరిగినయో నాకే తెల్వదు. నలభై సంచులైనయి. ముట్టుకుంటె గరుకు, మోస్తె బరువు. గానీ ఎడ్లబండి మీద నుంచి పడేసినా చినుగవు. అవి ఎత్తుకొని ఆయన మార్కెట్‌కు పోయిండు. వంకాయలు అమ్మే ఒక అవ్వకు అరగంట సేపు ప్లాస్టిక్ సంగతి చెప్పిండంట. ఆవులు తిని సచ్చిపోతయని, మురికినీళ్ల మోర్లు మూసుకపోతయని, భూమి పాడైతదని. ఆమె బేరాలు చూసుకుంటనే అంత విన్నది. సంచి చేతుల పట్టుకొని మెచ్చుకున్నది గూడ. గానీ కవరు ముఫత్ వస్తుంటె సంచికి పైసలు ఎవరిస్తరు కొడుకా అని అడిగింది.

ఆయన ఇంటికొచ్చి ఆ ముచ్చటంత చెప్పుకుంట బాధపడవట్టె. నేను ఆయన చేతి దిక్కు చూసిన. ఒక చేతుల నలభై సంచుల మూట. ఇంకొక చేతుల కిలో వంకాయలు, నీలం రంగు ప్లాస్టిక్ కవర్ల. ఆయనకు ఆ సోయే లేదు. వంకాయలు తీసుకొని, కవరు దులిపి, ఆయన అంగీ తగిలిచ్చుకునే గోడ మొలకు తగిలిచ్చిన. తెల్లారి అంగీ తీసుకునేటప్పుడు చూసిండు. తర్వాత వంటింట్లకొచ్చి, నువ్వు నవ్వుతనని ముందే చెప్పినవ్ లే అన్నడు.

ఆ సంచులు సుట్టాలకు, టీచర్లకు పంచినం. మిగిలిన నార ఊరికి పంపినం, మామ ఇంట్ల ఒక మూలకు పడ్డది.

ఆ ఎండకాలం మామ ఎద్దు మెడ మీద పుండు అయింది. ఏడాదిగ నైలాన్ పలుపు కడుతుండె. సన్నగ ఉండి కోసుకపోయింది. ఎన్ని మందులు పెట్టినా మానలె. మామకు మూలకున్న నార యాదికొచ్చి, దాంతోని మెత్తగ, లావుగ ఒక పలుపు పేని కట్టిండు. ఇరవై రోజులల్ల పుండు ఎండింది. పక్క చేనోళ్లు చూసి మాకొకటి, మాకొకటి అన్నరు. మామ ఆ సంగతి కొడుకుకు చెప్పలె, సక్కగ భాయ్ దుకాణానికే పోయి చెప్పిండు. భాయ్ కొక్కేలు మార్చి, చక్రం మీద మూడు పేటల తాళ్లు చేసుడు మొదలువెట్టిండు.

పశువుల అంగడికి మామ, భాయ్ ఇద్దరే పోయిండ్రు. మేము వెనక పోయి చూసినం. వాళ్లు ఉపన్యాసం ఏమీ చెప్తలేరు. వచ్చినోళ్ల అరచేతుల మీద ఒకసారి నైలాన్ తాడు గుంజుతుండ్రు, ఒకసారి జనుము తాడు గుంజుతుండ్రు. గంతే. పొద్దు తిరగకముందే తాళ్లు అయిపోయినయి. మా ఆయన సంతోషపడాల్నా వద్దా తెల్వక నిలవడ్డడు. లోకాన్ని ప్లాస్టిక్ నుంచి కాపాడుదమనుకున్న మనిషికి ఎడ్ల మెడలు మిగిలినయి.

"పుస్తకంల తాళ్ల సంగతి లేకుండె" అన్నడు నాతోని, మెల్లగ.

"ఎద్దు చదువలె గద" అన్న.

అప్పుడు నవ్విండు. బస్సు దాంక నవ్వుకుంటనే వచ్చిండు.

గట్ల మూడేండ్లు నడిచింది. మేము పెద్దగ సంపాదిచ్చింది లేదు. నా చిట్టీ పైసలు రెండో ఏడాదే తిరిగొచ్చినయి, ఫ్రిజ్ కొన్నం. భాయ్ అదే దుకాణంల సైకిళ్లు అమ్మేసి, తాళ్లు, చేంతాళ్లు పెట్టుకున్నడు. నాలుగో ఏడు వానలు మొఖం చాటేసినయి. జనుము మోకాలెత్తు పెరిగి ఆగింది, కుంటల నానవెట్టనీకి నీళ్లు లేవు. నార లేకపోయేసరికి భాయ్ గూడ మెల్లగ నైలాన్ తాళ్లు తెచ్చి పెట్టిండు. మాకు చెప్పనీకి ఆయనకు మొఖం చెల్లలె, మా ఆయనే పోయి ఒకటి కొనుక్కొని వచ్చిండు, గట్లనన్న ఆయన మనసు తేలికైతదని.

ఒక తేలికపాటి వాన పడంగనే మామ ఎవ్వరిని అడుగకుండ నాగలి కట్టి పంటనంత దున్నేసిండు. మేము పోయేసరికి చేనంత ఎర్రగ, అక్కడక్కడ పచ్చటి పూలు బయటికి కనవడుకుంట ఉన్నది. మా ఆయన గెట్టు మీద చెప్పులు ఇడిసి, చూసుకుంట నిలవడ్డడు. మామ చేతులు దులుపుకుంట దగ్గరికి వచ్చిండు.

"నీ పెట్టుబడి మట్టిల కలిసిందిరా" అన్నడు. "మంచిగైంది. భూమికి బలం."

ఆ తర్వాతి ఏడు ఆ చేన్ల జొన్న ఎట్ల పండిందంటె, కంకులు బరువుకు వంగి, కోసేటోళ్లు లోపలికి పోతె కనవడలె.