తల్లీకూతుళ్ళ రాయి ముందు

గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపంలో, మ్యూజియం నడిమధ్యన నిలబడి, తల్లి చనిపోయిన సంగతి ఒక పిల్లకు మొహం మీదే చెప్పేసి, ఆ పిల్ల స్పృహ తప్పి పడిపోతే పక్కకు తప్పుకున్న రాక్షసి ఒకతి ఉందని సిడ్నీ తెలుగువాళ్ళు చెప్పుకుంటారు. ఈమధ్య స్కోఫీల్డ్స్‌లో ఒక గృహప్రవేశానికి వెళితే, నా పక్కన కూర్చుని పులిహోర తింటున్న ఒకావిడ ఈ కథ నాకే చెప్పింది.

"ఆ పిల్ల చదువు అక్కడితో సరి, పాపం. కొందరికి హార్టే ఉండదండీ" అంది.

"స్పృహ తప్పలేదండీ. చదువూ పోలేదు. చెప్పింది మ్యూజియంలో కాదు, హార్బర్ దగ్గర" అన్నాను.

"మీకెలా తెలుసు?"

"చెప్పింది నేనే."

ఆవిడ పెరుగు తెచ్చుకుంటానని లేచి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆవిడకు చెప్పలేకపోయిన మిగతా సంగతి ఇది.

అప్పట్లో ఆ అమ్మాయీ నేనూ సిడ్నీలోనే, పారమట్ట దగ్గర ఒక ఫ్లాట్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది విజయవాడ, ఆ అమ్మాయిది భీమవరం పక్కన పల్లె. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్ళు క్రైస్తవులు. తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు, తండ్రి హైస్కూలు మాస్టారు. ఆ తల్లికి కిడ్నీలు దెబ్బతిని అప్పటికే చాలాకాలమైంది. ఇక నా సంగతి: ఏ దేవుడితోనూ నాకు పలకరింపులు లేవు.

చదివేది కామర్స్ అయినా బయటి సబ్జెక్టు ఒకటి తీసుకోవాలని మా యూనివర్సిటీ రూలు. హిస్టరీ వాళ్ళు జూలై సెలవుల్లో విద్యార్థులను రోడ్స్ తీసుకెళ్తారని తెలిసి ఇద్దరం చేరాం. రోడ్స్ వెళ్తున్నామంటే క్లాసులో ఒకడు "ట్రైనెక్కి పోవచ్చుగా!" అన్నాడు, సిడ్నీలో ఆ పేరుతో ఒక స్టేషన్ ఉంది. పరీక్ష ఒక్కటే. ముందుగా ఫొటోలు చూసి మ్యూజియంలోని ఒక వస్తువును ఎంచుకోవాలి, అక్కడికి వెళ్ళి దాని ముందు నిలబడి మాట్లాడాలి. నేను ద్రాక్షసారా పోసుకునే మట్టి జాడీని ఎంచుకున్నాను. దాని గురించి ఎవరూ కదిలిపోయి మాట్లాడమనరు. ఆ అమ్మాయి ఒక సమాధి రాయిని ఎంచుకుంది. దాని మీద నిలువెత్తు తల్లీకూతుళ్ళ బొమ్మలు చెక్కి ఉంటాయి.

బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టుకు వాళ్ళ చర్చి పెద్ద ఒకాయన భార్యతో సహా వచ్చాడు. ఆంటీ ఆ అమ్మాయికి ఒక ఫ్లాస్క్ ఇచ్చి, "మీ అమ్మ కోసం అందరం ప్రార్థిస్తున్నాం తల్లీ" అని కౌగిలించుకుంది. అంకుల్ నన్ను ట్రాలీల వైపు తీసుకెళ్ళాడు.

"చూడమ్మా, వాళ్ళమ్మగారు ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. పిల్లకి ఇప్పుడు చెప్పొద్దు. ఎగ్జామ్ అయ్యి వచ్చాక మేమే ప్రేయర్ చేసి నెమ్మదిగా చెబుతాం. వాళ్ళ నాన్నగారి మాట ఇది."

"ఇప్పుడే చెప్పి ఇండియా పంపించొచ్చు కదా అంకుల్?"

"వెళ్ళి ఏం చూస్తుంది? అంతా అయిపోయాక! సబ్జెక్టు ఫెయిలైతే వీసా ఏం కావాలి?"

వెనకే వచ్చిన ఆంటీ, "నువ్వు మాత్రం నోరు పారేసుకోకు. నీ సంగతి మాకు తెలుసు" అంది.

మనవాళ్ళ పద్ధతే అంత. పరీక్షలున్న ఇంట్లో ఎవరూ చావకూడదు. చచ్చినా రిజల్ట్స్ వచ్చేదాకా ఆగాలి. మా పెదనాన్న పోయినప్పుడు మా అన్నయ్యకు ఇంటర్ పరీక్షలు. మూడు పేపర్లు రాసేదాకా ఆయన పనిమీద ఊరెళ్ళాడనే చెబుతూ వచ్చారు. దీన్ని ప్రేమంటారు. నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఆ రోజు ఫ్లైట్ ఎక్కాక నోరు మూసుకునే కూర్చున్నాను.

రోడ్స్ అందంగా ఉంటుందని అందరూ రాస్తారు, కాబట్టి నేను రాయక్కర్లేదు. కోటగోడ లోపల పాత ఊరు, గులకరాళ్ళు నిలువునా పాతిన సందులు. మెత్తటి చెప్పులేసుకుంటే అరికాళ్ళు లబోదిబోమంటాయి. ఒకప్పుడు కత్తి పట్టి యుద్ధాలు చేసిన క్రైస్తవ సన్యాసులు కాపురమున్న వీధి ఒకటి ఉంది, కొత్తగా కడిగినట్టు ఉంటుంది. ఏ కొట్టు చూసినా పూర్వం ఆ ఊళ్ళో ఉండిన ఒక రాక్షసాకారపు కంచు విగ్రహం హార్బర్‌కు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డ బొమ్మలే, తువాళ్ళ మీదా, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాల మీదా. మా ప్రొఫెసరమ్మ ఆ తువాళ్ళను చూసి నవ్వింది. విగ్రహం నిజమే, భూకంపానికి కూలింది. ఎక్కడ నిలబడిందో మాత్రం ఎవరికీ తెలియదట. ఇప్పుడు హార్బర్ ద్వారం దగ్గర రెండు స్తంభాల మీద రెండు జింకలున్నాయి. ఆ అమ్మాయి వాటికి ఫొటోలు తీసి, "అక్కా, ఇవి మన గొర్రెపిల్లలంతే ఉన్నాయే" అంది.

మ్యూజియం ఒకప్పుడు ఆసుపత్రి. యాత్రికులకూ, యుద్ధాల్లో దెబ్బలు తిన్నవాళ్ళకూ ఆ సన్యాసులు వైద్యం చేసిన చోటు. మేడ మీద రోగుల హాలు ఉంది, పొడవుగా, మధ్యలో రాతి కమానుల వరస. ఒక పక్క గోడ మధ్యలో లోపలికి చొచ్చుకుని చిన్న గుడి. రోగులకు మంచం మీది నుంచే ప్రార్థన కనపడాలని అలా కట్టారని ప్రొఫెసరమ్మ చెప్పింది.

"మా అమ్మ వార్డు కూడా ఇంతే అక్కా. పొద్దున డ్యూటీ ఎక్కగానే మధ్యలో నిలబడి ప్రేయర్ చేసేది" అంది ఆ అమ్మాయి. అని, గుడి ముందు చెప్పులు విప్పింది. చున్నీ తల మీదికి లాక్కుంది. రాతి నేల మీద మోకరించి, పైకే, తెలుగులోనే మొదలుపెట్టింది.

"ప్రభువా, మా అమ్మకు స్వస్థత దయచేయి తండ్రీ. ఆమెను మంచం మీది నుంచి లేవనెత్తు తండ్రీ."

మా క్లాసు తెల్లపిల్లలు ఇదీ ప్రెజెంటేషన్‌లో భాగమే అనుకుని చుట్టూ చేరారు. కుర్చీలో కూర్చున్న కాపలా ఆవిడ లేచి వచ్చి చెప్పుల వంక వేలు చూపించి ఏదో అంది. గ్రీకు గుళ్ళలో చెప్పులు విప్పరు కదా, ఈ పిల్లకు కాళ్ళనొప్పి అనుకుంది కాబోలు, తన కుర్చీని తోసుకుంటూ తెచ్చింది. ఆ అమ్మాయి ఆమెన్ అనేదాకా కుర్చీ పట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి నా జాడీ ముందు నిలుచున్నాను. జాడీ పిడి మీద వ్యాపారి ముద్ర ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం హార్బర్ గట్టు మీద కూర్చుని ఇద్దరం కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటున్నాం. మర్నాడు పొద్దున పరీక్ష.

"నీకొక మాట చెప్పాలి" అన్నాను. "మీ అమ్మగారు లేరు."

"ఎప్పుడు?"

"మనం బయల్దేరే ముందు. సమాధి కూడా అయిపోయింది."

ఆమె పొత్తు పట్టుకునే ఉంది. "ఎవరెవరికి తెలుసు?"

చెప్పాను. అంకుల్, ఆంటీ, చర్చి అంతా.

"ఆంటీ ఫ్లాస్క్ ఇస్తూ ప్రార్థిస్తున్నాం అంది."

"అంది."

"నీకూ తెలుసు."

"నాకూ తెలుసు."

"మరి ఇవాళెందుకు చెప్పావు?"

"పొద్దున నీ ప్రార్థన విన్నాను. ఇంకోసారి వినలేను."

"అంటే నీ కోసం చెప్పావు."

"అవును. వాళ్ళు వాళ్ళ కోసం దాచారు."

పొత్తును నీళ్ళలోకి విసిరింది. ఏడవలేదు. ప్రొఫెసరమ్మతో మాట్లాడి పరీక్ష వాయిదా వేయిస్తానన్నాను. "ఎందుకు? వాయిదా వేస్తే ఏం మారుతుంది?" అని లేచి జీన్స్‌కు అంటిన దుమ్ము దులుపుకుంది.

మర్నాడు ఆ రాయి ముందు నిలబడి బాగానే మాట్లాడింది. కూతురి జుట్టు కత్తిరించి ఉందని, అది ఆ రోజుల్లో దుఃఖానికి గుర్తని చెప్పింది. ఇద్దరిలో చనిపోయింది ఎవరని ఒకడు అడిగాడు. పండితులకే వాదాలున్నాయని ప్రొఫెసరమ్మ అందుకోబోయింది. ఆ అమ్మాయి అందుకోనివ్వలేదు. "కూతురు తల్లి మొహంలోకి చూస్తోంది. తల్లి చెయ్యి కూతురి మీదే ఉంది గానీ చూపు రాయి బయట ఉంది. నాకు ఇందులో అనుమానమేమీ లేదు" అంది. మా అందరిలోకీ ఎక్కువ మార్కులు ఆమెవే. నా జాడీకి పాస్ వచ్చింది.

సిడ్నీలో దిగేసరికి అంకుల్ బైబిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వెనక చర్చి మనుషులు, తెల్లబట్టల్లో. "అలా కూర్చో తల్లీ" అన్నాడు.

"తెలుసంకుల్" అని ఆ అమ్మాయి బ్యాగులోంచి ఫ్లాస్క్ తీసి ఆంటీ చేతికిచ్చి నడిచి వెళ్ళిపోయింది.

అంకుల్ నా మీద పడ్డాడు. "చెప్పేశావా? నీకేం ఒరిగింది?"

"దాచినందుకు మీకేం ఒరిగింది?" అన్నాను. అరైవల్స్ హాల్లో చాలాసేపు వాదించుకున్నాం. ఎవరూ గెలవలేదు.

ఆమె మళ్ళీ ఆ చర్చి గడప తొక్కలేదు. డిగ్రీ పూర్తిచేసి పెర్త్‌లో ఉద్యోగం చూసుకుంది. మనిషి ఎందుకు వెళ్ళిపోయిందో వాళ్ళు ఎవరికైనా చెప్పుకోవాలి కదా. అందుకని ఒక రాక్షసిని తయారు చేసుకున్నారు, స్పృహ తప్పడాన్నీ చదువు పాడవడాన్నీ తర్వాత తగిలించారు. వాటితో నాకు పేచీ లేదు, ఉన్నా ఇప్పుడే తీర్చేశాను.

నన్ను వదలనిది ఇంకొకటి. ఆ ప్రార్థనకు ముందురోజు ఆదివారం. ద్వీపంలో ఒక ఫోన్ బూత్ నుంచి ఆమె ఇంటికి చేసింది, నేను బయట నిలబడ్డాను. "నాన్నా, అన్నం తిన్నావా? వంట ఎవరు చేశారు? తమ్ముడు బడికెళ్తున్నాడా?" అని అడిగింది. అంతే, పెట్టేసింది. అంతకుముందు ప్రతి ఆదివారం మొదటి మాటే "అమ్మకివ్వు". ఆ రోజు ఆ మాట లేదు. కార్డులో నిమిషాలు అయిపోయాయేమో అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత, రౌస్ హిల్‌లో మెట్రో కోసం నిలబడి ఉండగా, ఏ కారణమూ లేకుండా అది గుర్తొచ్చింది. ఇప్పటికీ మేం పండగలకు మెసేజ్‌లు పెట్టుకుంటాం. ఈ మాట మాత్రం అడగలేదు.

తెలియకపోతే, ఆ ఆదివారం తల్లిని ఎందుకు పిలవమనలేదు? తెలిసే ఉంటే, మర్నాడు అంత గట్టిగా, నాకు వినపడేలా అడిగింది దేవుణ్ణా, నన్నా?