ఆగుమన్న నోర్లు, నడువుమన్న దేవుడు

సహోదరులారా, అక్కలారా, పొద్దుగాల్నే బస్సులల్ల, ఆటోలల్ల ఇరుక్కొని ఎల్లారెడ్డి మందిరానికి వచ్చిన మీ అందరికి ప్రభువు పేరిట వందనాలు. నా గొంతు గిట్ల బొంగురుగ ఉన్నదని ఫికర్ చెయ్యకుండ్రి, ఎందుకట్లయ్యిందో చెప్పెటందుకే నిలవడ్డ. నాకు కోపం కూడ ఉన్నది, దేవుని ముందట అబద్ధమెందుకు, అది కూడ చెప్త.

మా అమ్మకు గొంతు మీద గడ్డ ఉండె. అది చిన్నగున్నప్పుడే దవాఖానకు తీస్కపోతమంటె మా వాడకట్టోళ్లు అడ్డం పడ్డరు, ఈ వయసుల కోతలెందుకు, జర ఆగుండ్రి, అదే కరుగుతది అన్నరు, మేము ఆగినం, అది కరుగలే. చివరికి పండుకుంటె ఊపిరాడక గోడకొరిగి కూసోనే నిద్రపోతుండె, గట్ల కూసోనే పోయింది. మట్టి చేసొచ్చినంక గవే నోర్లు మా ఇంట్ల చాయ తాగుకుంట, "ముందుగాల చూపిస్తె బతుకుతుండె గదా" అన్నయి. ఆ చాయ నేనే పోసిన, ఆ మాట ఇప్పటికి మర్చిపోలే.

తర్వాత గదే గడ్డ నాకు లేచింది. అప్పటికి మా ఊరి మందిరంల పాట ఎత్తేది నేనే. కామారెడ్డిల డాక్టరమ్మ చూసి, ఇది పెరిగి ఊపిరి గొట్టాన్ని ఒత్తుతది, తియ్యాలె, కానీ మాట నరం దాని పక్కనే ఉంటది, గొంతు పోయినా పోవచ్చు అన్నది. ఇగ అందరు మళ్ల మొదలువెట్టిండ్రు, పాట పోతె నీకేం మిగులుతది, ఆగు అని.

కొత్త సంవత్సరం ఆరాధనల డబ్బాలకెల్లి గ్రంథంల మాట ఒక్కటి అచ్చేసిన వాగ్దానం కార్డు తీస్తం గదా, ఆ యేడు నాకొచ్చిన కార్డు మీద, దేవుడే మీ తరఫున కొట్లాడుతడు, మీరు ఊకెనే ఉండుండ్రి అన్న మాట వచ్చింది. మా సంఘ పెద్దన్న అది నా చేతిలకెల్లి తీస్కొని, "చూసినవా చెల్లె, ప్రభువే ఆపరేషన్ వద్దన్నడు, ఇగ దవాఖాన ముచ్చట ఎత్తకు" అన్నడు. అందరు ఆమేన్ అన్నరు. భయంతోని మా ఆయన కూడ అన్నడు. గడ్డ నా గొంతు మీద, ఆమేన్ వాళ్ల నోట్ల! ఇంకొకరి గొంతు మీది గడ్డకు ఆమేన్ అనుడు ఎంత అల్కగ ఉంటదో, సహోదరులారా.

నేను ఊకెనే ఉన్న. ఉండంగ ఉండంగ, నేను కూడ అమ్మ లెక్కనే గోడకొరిగి పండుకునుడు షురువైంది.

ఒకనాడు మధ్యాహ్నం బీడీలు చుట్టుకుంట, నా కార్డు మీది మాట వచ్చే అధ్యాయం వినెటందుకు ఫోన్ల పెట్టుకున్న. ముందట సముద్రం, వెనుక తరుముకొచ్చే ఫరో రాజు సైన్యం, నడుమ జనం ఏడుస్తున్నరు, నా కార్డు మాట వచ్చింది. రోజు నేను అక్కడికే బందు చేస్తుంటి. ఆనాడు ఒడిల చాట, చేతుల నిండ తంబాకు, ఫోన్ ముట్టరాకపాయె, అది ఆగకుండ చదువుకుంట పోయింది. దాని వెనుకనే దేవుడు ఆ జనాన్ని నడిపించే మోషేను అడుగుతున్నడు, నాకెందుకు మొరపెడుతున్నవు, ముందుకు నడువుమని జనానికి చెప్పు అని. నా చేతులు ఆగినయి. ఏంది ఇది, ఊకెనే ఉండుమన్న మాటకు ఆనుకొనే నడువుమన్న మాట ఉన్నది, కార్డు మీద జాగ లేక సగమే అచ్చేసిండ్రు, అంతమంది ఆమేన్ అన్నోళ్లల్ల ఒక్కరన్న గ్రంథం తెరిచి చూడలే! నడువుమన్నంకనే గదా సముద్రం దారి ఇచ్చింది.

చాట పక్కకు పెట్టి మోకాళ్లూనిన. "ప్రభువా, మాట పోతె పోనీ, మూగదాన్నయినా నిన్ను స్తుతిస్త, గోడకొరిగి కూసోని మాత్రం పోను. నేను లేస్తున్న, నువ్వు ముందట నడువు" అన్న.

మా ఆయన ఆటో నడుపుతడు. "బండి తియ్యి, కామారెడ్డి పోదాం" అన్న.

"ఒక్కసారి పెద్దన్నను అడుగుదామే."

"గొంతు ఆయనదా, నాదా?"

బండి తీసిండు. దవాఖాన గుమ్మం కాడ మాత్రం నా చెయ్యి వట్టుకొని, "నీ మాట పోతె నేనెట్ల బతకాలె" అని ఏడ్చిండు. "మనిషినే పోతె ఎట్ల బతుకుతవు" అని నేను లోపలికి పోయిన.

దేవునికే మహిమ, గడ్డ పోయింది. చాన రోజులు నోట్లకెల్లి ఉత్త గాలి వచ్చింది, తర్వాత ఈ బొంగురు గొంతు వచ్చింది. గొంతు పైకి లేపి పాడే పాట ఇగ రాదు. అయ్యో, ఆగితె పాటన్న ఉంటుండె అని ఇప్పటికి అనేటోళ్లున్నరు, వాళ్లకు నేను ఒకటే చెప్త, నేను చాప మీద చక్కగ పండుకొని నిద్రపోతున్న, మా అమ్మకు అది దొరకలే. కార్డు మీద ఉన్నది సగం మాటే అని గ్రంథం చూపెట్టి పెద్దన్నతోని కూడ కొట్లాడిన. ఇప్పుడు మా మందిరంల కార్డు తీసినోళ్లకు ఆయనే గ్రంథం తెరిచి ముందటి మాట, వెనుకటి మాట చదివి వినిపిస్తడు.

కొంగు కింద గడ్డ దాచుకున్న అక్కలు ఈ మందిరంల ఉన్నరు, ఏదో చేద్దామనుకొని పదిమంది మాటకు జంకి కూసున్న అన్నలున్నరు. నేను ప్రార్థన బందు చెయ్యుమంటలే. ప్రార్థన చేసి లేవుమంటున్న. భయంతోనే లేవుండ్రి, నేను కూడ భయంతోనే లేచిన, ఆయన నా చెయ్యి ఇడువలే. పాటయితె ఎత్తలేను గని, ఈ బొంగురు గొంతుతోని ఒక్క మాట అడుగుత. ఈసారి ఆమేన్ అనేటోళ్లు కూసోని అనకుండ్రి, లేచి నిలవడి అనుండ్రి.