అమ్మ దవడ కీలు

అమ్మకు చెవి పక్కన నొప్పి మొదలైంది నిరుడు మిరపకాయలు కల్లానికి వచ్చిన రోజుల్లో. ఆవలిస్తే దవడలో టక్కుమనేది. ముద్ద నమలలేక సగంలో లేచిపోయేది.

"పంటి నొప్పే, ఇంకేంది" అని తేల్చేశాను. నాది మొదటి నుంచీ తొందర బుద్ధి. ఆఫీసులో ఒక్కరోజు సెలవిచ్చారు, ఆ ఒక్కరోజులోనే పని తెమలాలి. నరసరావుపేటలో పళ్ల డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. ఆయన ఎక్స్‌రే చూసి, కొన్నాళ్లు ఆగుదామన్నాడు. "ఆగలేమండీ, పీకేయండి" అన్నాను. అమ్మ నా ముఖం వంక చూసి తలూపింది. రెండు దవడ పళ్లు పోయాయి.

అంతసేపు నోరు తెరిచి ఉంచినందుకో ఏమో, మర్నాటికి దవడ పట్టేసింది. వేలు దూరే సందు కూడా లేదు. నెల రోజులు గంజి, మజ్జిగ మీదే బతికింది. చిక్కి సగమైంది. మళ్లీ అన్నం తింటుందో తినదో అని నాకు చచ్చే భయం వేసింది.

గుంటూరులో దవడ కీళ్లు చూసే డాక్టరమ్మ చెవి ముందు నొక్కి చూసింది. "పళ్లతో ఏమన్నా బిగపట్టే అలవాటుందా పెద్దమ్మా?"

అమ్మ లేదంది. నాకు తట్టింది. మిరప తొడిమలు తీసేటప్పుడు ఘాటు ఎక్కకుండా మా ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం వేసి, చివర పళ్లతో పట్టుకుంటారు. అమ్మ ముప్పై ఏళ్లు పొద్దు గూకేదాకా అట్లాగే కూర్చుంది.

కీలులో ఉండే మెత్తని బిళ్ల పక్కకు జరిగిందట. కాపడం పెట్టమంది, మెత్తటి తిండి తినమంది, పడుకునేటప్పుడు పళ్లకు తొడుగులాంటి ప్లాస్టిక్ ప్లేటు పెట్టుకోమంది. నోరు మెల్లగా తెరిచి మూయడం నేర్పింది. కొంగు బదులు ముక్కుకు గుడ్డ కట్టుకోమంది. చివర్లో, "మంచి పళ్లు ఎందుకు తీయించారు?" అని అడిగింది.

నాలుగు నెలలకు నోట్లో మూడు వేళ్లు పట్టాయి. ఆ పూట అమ్మ పప్పన్నం తింటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం పక్కింటి అత్త వచ్చి అరుగు మీద కూర్చుంది. "బంగారం లాంటి పళ్లు పీకించిందంటగా నీ కూతురు, ఏందొదినా ఇది?"

"దాని తప్పేం లేదొదినా. అది వద్దని చానా మొత్తుకుంది. నేనే మొండికేసి పీకించుకున్నా" అంది అమ్మ.

నేను తలుపు అవతలే ఉన్నాను, కాపడం గుడ్డ చేతిలో పట్టుకుని. బయటికి వెళ్లి నిజం చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు.