లోపలి గదికి దీపం

మలేసియాలో, మెలకాలో మా వీధి ఇళ్లన్నీ రైలు పెట్టెలే. ముందు నుంచి చూస్తే జానెడు, లోపలికి వెళితే వెళ్తూనే ఉండాలి. లియాన్ నియో వాళ్లిల్లు మరీనూ. నడిమింట్లో ఆకాశం కనిపించే చోటు ఒకటి ఉండేది. పావురాలు రెట్టలు వేస్తున్నాయని ఆమె మొగుడు టెక్ హిన్ దానికి రేకులు కప్పించాడు. పావురాలు పోయాయి, వాటితో పాటు పగలూ పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో సూదిలో దారం ఎక్కించాలంటే వీధి అరుగు మీదికి రావలసిందే.

నియోకి కావలసిందీ అదే. ఆమె పెళ్లికూతుళ్ల చెప్పులకు పూసలు కుడుతుంది. చట్రానికి బిగించిన గుడ్డ మీద, ఆవగింజకన్నా సన్నని పూసలు, ఒక్కొక్కటీ. పని అరుగు మీదే, కబుర్లూ అరుగు మీదే. కొబ్బరి ఉండలమ్మే మీనా బుట్ట దించి ఆమె పక్కన చతికిలబడేది. ఎవరి సంబంధం చెడింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ అక్కడే తేలేవి. తుంటి విరిగి లోపలి గదిలో మంచాన పడ్డ అత్తగారు "నియో!" అని కేకేస్తే వెళ్లి, ఒత్తిగిలబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ వచ్చి కూర్చునేది. ఒక కేకకూ ఇంకో కేకకూ మధ్య ఎంత దొరికితే అంతే ఆమె బతుకు.

ఎప్పుడూ వీధిలోనే ఏమిటమ్మా అని ఎవరన్నా అడిగితే వెలుతురు కోసం అనేది. ఎంత గట్టి సాకో చూడండి. అదున్నంత కాలం ఆమెను లోపలికి నెట్టే మొనగాడు లేడు.

నెట్టారు. అదీ ప్రేమగా నెట్టారు. ఆడపడుచు స్వీ కిమ్ కౌలాలంపూర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చింది. తల్లి మంచం పక్కన కాసేపు కూర్చుని కళ్లొత్తుకుని, వెళ్లేముందు చెప్పింది:

"ఆ వీధి దుమ్ములో కూర్చుని కళ్లు పోగొట్టుకుంటున్నావు వదినా. ఎక్కడికంటే అక్కడికి పట్టుకెళ్లే దీపాలొచ్చాయిప్పుడు. ఒకటి కొనిపెట్టు అన్నయ్యా, అమ్మ దగ్గరే కూర్చుని కుట్టుకుంటుంది."

తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనొచ్చు. మంచి మాటకు ఏమని జవాబు చెబుతారు? నియో తల ఊపింది. లోపల మాత్రం మండిపోయింది.

టెక్ హిన్ ఆమెను బండెక్కించుకుని కరెంటు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాడు. కొట్టుగల ఆంగ్ నవ్వుతూ నవ్వుతూనే సరుకు అంటగట్టే రకం. నియో తనంతట తానే ఒక దీపం ఎంచుకుంది. పెద్ద భూతద్దం, కదలనంత బరువు, పొట్టి తీగ. ఆ తీగ అందే ప్లగ్గు వాళ్లింట్లో వీధి గుమ్మం పక్కన ఒక్కటే ఉంది. ఇదే కావాలని పట్టుబట్టింది. టెక్ హిన్ తీగను మూరేసి చూసి, ఇది అమ్మ గది దాకా ఎక్కడొస్తుందని పక్కన పెట్టేశాడు.

ఆంగ్ ఇంకోటి తెచ్చాడు. మెకానిక్కులు కారు కింద దూరినప్పుడు పెట్టుకునేది. ఛార్జింగ్ పెడితే పూటంతా వెలుగుతుంది. తగిలించడానికి కొక్కెం, ఇనుముకు అతుక్కోవడానికి అయస్కాంతం. మీట నొక్కగానే కొట్టంతా తెల్లబారింది. నియో సంచిలోంచి పూసలు తీసి, ఊదావి కొన్ని, నీలంవి కొన్ని అరచేతిలో పోసి దీపం కింద పట్టింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"చూడండి, ఏది ఊదానో ఏది నీలమో తెలియడం లేదు. పెళ్లికూతురి చెప్పుకి నీలం పడితే ఇంకేమన్నా ఉందా? చావింట్లో తొడుక్కునే రంగది."

మైలలో ఉన్నవాళ్లు తప్ప నీలం పూసల చెప్పు మాలో ఎవరూ కాలికి తగిలించరు. టెక్ హిన్ మొహం పాలిపోయింది. ఆంగ్ మాత్రం తొణకలేదు.

"రంగుల పనని ముందే చెప్పొద్దూ అక్కా!" అంటూ దీపం వెనక ఇంకో మీట తిప్పాడు. తెలుపు పోయి పొద్దుటి ఎండలాంటి వెలుతురు వచ్చింది. అరచేతిలో ఊదా ఊదాగా, నీలం నీలంగా విడిపోయాయి. "ఇప్పుడు చూసుకోండి. మీ అరుగు మీద కూడా ఇంత బాగా కనిపించదు."

తన గొయ్యి తనే తవ్వుకుంది, దానికి దీపం కూడా తనే పట్టింది.

దీపం వెళ్లి అత్తగారి ఇనప మంచం కోడుకు అతుక్కుంది. వీధి తలుపు మూసేశారు. మీనా వచ్చి తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే, పడుకుందేమోలే అనుకుని వెళ్లిపోయేది. అత్తగారు మురిసిపోయింది. కోడలు కళ్లెదుటే ఉంది, కేకెయ్యనక్కర్లేదు. నియో కాలు కదిపితే చాలు, ఎక్కడికి అనేది. ఆ గదికి కిటికీ లేదు. కషాయం వాసన, పౌడరు వాసన, ఆవిడ ఊపిరి. కొన్నాళ్లకు నియోకి తన ఊపిరేదో ఆవిడ ఊపిరేదో తెలియకుండా పోయింది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. పెళ్లి చెప్పులో ఒక వరస నీలం పడితే? మీట తెలుపు మీద ఉండిపోయింది, దీపం మోసం చేసిందంటే సరి. అపశకునమంటే టెక్ హిన్‌కి హడలు, ఆ దీపాన్ని నదిలో పారేసి వస్తాడు. అరుగు మళ్లీ తనదవుతుంది. నియో సూదికి నీలం పూస ఎక్కించింది. గుడ్డ మీది తామరపువ్వు రేకు అంచున వరుసగా కుట్టుకుంటూ పోయింది.

"నియో."

కేక కాదు. చాలా మెల్లగా పిలిచింది అత్తగారు.

"అది నీలం కదూ?"

ఎదురు గోడ మీది దేవుడి పటమే ఆవిడ కళ్లకు ఆనదు. ఆ దీపం వెలుతురులో మాత్రం పూస ఆనింది.

"నేను పోతే తొడుక్కోవడానికా? అప్పుడే మొదలెట్టావా?"

దీపం మోసం చేసిందన్న మాట నియో ఎన్నిసార్లు వల్లెవేసుకుందో. ఆ కళ్లు చూశాక ఏడుపు వచ్చింది.

"మీకోసం కాదత్తయ్యా. నాకోసమే. వీధి తలుపు మూసిన రోజే నేను పోయాను."

ముసలావిడా ఒకప్పుడు ఈ ఇంటి కోడలే, ఈ గదిలోంచి వచ్చే కేకలకు పరుగెత్తిన మనిషే. పో, పోయి అరుగు మీద కూర్చో అంటుందేమోనని నియో ఒక్క క్షణం ఆశపడింది. ఆవిడ అనలేదు. మంచం కోడు నుంచి దీపాన్ని పీకి, సూది మీదికి పట్టుకుంది.

"విప్పెయ్. బతికున్నదాని కోసం నీలం కుట్టరు."

నియో కత్తెర అందుకుంది. పూసలన్నీ విప్పేదాకా ఆవిడ దీపం దించలేదు.