తాహెర్ రాయికి మొక్కవద్దు

శివశంకర్ కొత్త కారు టైరు కింద నిమ్మకాయ పెట్టి, తాహెర్ రాయికి పసుపు పూయబోతుంటే తాహెర్ అక్క ఫరీదా అతని చెయ్యి పట్టుకుంది. సాతంరాయి ఊరి అడ్డా మీది ఎయిర్‌పోర్టు క్యాబులవాళ్ళంతా మూగారు. పాల ప్యాకెట్టు పట్టుకుని ఇంటికి పోతున్న తారాబాయి, పాలు విరిగితే విరిగాయని నిలబడిపోయింది.

"ఏందక్కా, దేశం కోసం పానమిచ్చిన వీరుడు. బండి సల్లగ తిరగాలని మొక్కితే తప్పా?" అన్నాడు శివశంకర్.

"బండి కోసం వీనికా మొక్కేది? అరే, మా తమ్మునికి బండి నడుపుడే రాదు! మామిడిపల్లి కాడ స్కూటరేసుకపోయి బర్రెను గుద్దిండు. బర్రె లేచిపోయింది, వీడు దవాఖానల పడ్డడు. ఫౌజుల గూడ వానికి తాళంచెవి ఇయ్యలే. జర సోంచాయించు, గసుంటోనికి నీ కారు అప్పజెప్తవా?"

అడ్డా అంతా ఘొల్లున నవ్వింది. శివశంకర్ నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నాడు. తిట్టడంలో శంషాబాదు మొత్తం మీద తనకు సాటి లేదనుకునే తారాబాయి, ఆ పూట మనసులోనే ఒక మెట్టు దిగింది.

తాహెర్ సరిహద్దులో చనిపోతే ఊరు చందాలేసుకుని నిలబెట్టిన నల్లరాయి అది. కాలేజీ పిల్లలు దానికి వీపు ఆనించి ఫోన్లు చూస్తారు. ఫరీదా వాళ్ళనేమీ అనదు. ఆమె మంటంతా పంద్రాగస్టుకు దండలతో వచ్చే పెద్దమనుషుల మీదే. వాళ్ళు "అమరవీరుడు" అని ఎత్తుకోగానే తారాబాయి చెవిలో "పదో తరగతి మూడుసార్లు తప్పిండు" అంటుంది. తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతుంది. అది ఏడుపనుకుని మైకు ముందున్నాయన గొంతు తగ్గిస్తాడు.

రోజూ పొద్దున్నే రాయి తుడుస్తూ ఫరీదా తమ్ముణ్ణి తిట్టిపోస్తుంది. "మొద్దోడా! నెత్తిమీద కాకి రెట్టేసినా కదలవేందిరా!"

ఒకనాడు తారాబాయి ఉండబట్టలేక అడిగింది. "పోయినోన్ని గట్ల తిడ్తవేందే?"

ఫరీదా చేతిలో బట్ట ఆగింది. "అందరు వీరుడు, వీరుడు అంటుండ్రు. గా వీరుడెవడో నాకు ఎర్క లేదక్కా. గిట్లనే పోతే నా తమ్ముడు నాకే యాదికుండడని భయమైతది."

ఈ ఏడు ఫరీదాకు హజ్‌కు పిలుపొచ్చింది. విమానమెక్కే రోజు పొద్దున ఫరీదా తారాబాయి ఇంటికి పోయి, రాయి తుడిచే బట్ట ఆమె చేతిలో పెట్టింది.

"తుడుస్తలే, పోయిరా" అంది తారాబాయి.

"తుడుసుడు ఎవరైనా తుడుస్తరు. నేనొచ్చేదాక రోజు పొద్దుగాల వాన్ని నోరార తిట్టక్కా. మర్యాద జేసినవంటే, ఇంకెవరితోనో మాట్లాడుతున్నవనుకోని వాడు పలకడు."