దీపాల వేళ కొట్టిన మందు

నా చిన్నప్పుడు రామసముద్రం దగ్గర మా ఊళ్లో దీపాలు పెట్టే వేళకు ఎవరూ పురుగుమందు ముట్టుకునేవాళ్ళు కాదు. ఇంటికి లక్ష్మి వచ్చే వేళ విషమేమిటని పట్టింపు. పైగా మంచు ఆరిపోయి ఎండ బాగా కాసేటప్పుడు కొడితేనే మందు ఆకుకు అంటుకుంటుందని అందరి నమ్మకం. మా నాయన కూడా మిట్టమధ్యాహ్నమే కొట్టేవాడు.

ఆ ఎండాకాలం మా టమోటాకు లద్దెపురుగు పట్టింది. నాయన ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ఈసారి మోతాదు పెంచుతానన్నాడు. అదీ కాకుంటే చెట్లు పీకేసి బెంగళూరుకు కూలిపనికి పోతానన్నాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు భయమేసింది.

నాయనకు అక్క, మా మేనత్త, మా ఇంట్లోనే ఉండేది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని చేలోకి పోయింది. ఆకులు తిరగేసి చూపించింది, ఒక్క పురుగూ లేదు. చెట్టు మొదట్లో మన్ను గీకితే అక్కడ చుట్టుకుని పడుకుని ఉన్నాయి. పొద్దు వాలాక మళ్ళీ తీసుకుపోయింది. అప్పుడవి ఆకుల మీద పంక్తిలో కూర్చున్నట్టు మేస్తున్నాయి.

ఇంటికొచ్చి నాయనతో అంది, "మధ్యాన్నం పురుగు మన్నులో దాంకోని ఉండాది. నీ మందేమో ఎండకు ఆరిపోతాండాది. ఇంగ ఏలప్పా ఉత్త ఆకులకు స్నానం చేయిస్తాండావు? పొద్దు వాలినాక కొట్టు."

దీపాల వేళ కదా అని నాయన నసిగాడు.

"ఈ పొద్దు దీపం నేను నిదానంగా పెడతాలే. లక్ష్మి ఆ కాయల్లోనే ఉండాది."

మోతాదు పెంచనివ్వలేదు. చల్లబడ్డాక నాయన మూతికి గుడ్డ కట్టుకుని కొడుతుంటే గట్టు మీదే నిలబడింది. తెల్లారి చూస్తే పురుగులు చచ్చి రాలి ఉన్నాయి. ఊరు కొన్నాళ్ళు మమ్మల్ని ఆడిపోసుకుంది. తర్వాత ఒక్కొక్కరే సాయంత్రాలు మందు డబ్బాలెత్తుకుని చేలదారి పట్టారు. మదనపల్లె మార్కెట్లో కాయలు దించుతూ, ఎవరినీ పొగడని మా నాయన, ఇది మా అక్క నిలబెట్టిన పంటని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. పక్కనే ఉన్న నాకు ఆ పూట నేల మీద కాలు నిలవలేదు.

కొన్ని మందులకు వేడిలో బలం తగ్గుతుందని, కొన్నింటికి పెరుగుతుందని పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ చేను ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. మందు కలిపే ముందు ఎండ చూస్తాను, వంగి పురుగు ఎక్కడుందో చూస్తాను. అందరూ అట్లే కదా చేస్తాండారు అని మా పిల్లలెవరైనా అంటే, ఆ మాట ఈ ఇంట్లో చెల్లదని చెబుతాను. ఈ ఇంటిని బెంగళూరు పోకుండా ఆపింది మా అత్త.