పక్కతెర చాటు స్టూలు

మా పెద్దమ్మకు జాతీయ కళా పురస్కారం వచ్చిందంటే మా ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మనిది పెద్దమ్మే. "ఎవరికో రాయబోయి నాకు రాసుంటారు. ఫోన్ చేసి కనుక్కో" అని కవరు నా చేతిలో పెట్టి బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్ళిపోయింది. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ వాళ్ళు చెప్పింది అదే మనిషి, అదే నాటకశాల, అదే పని: ప్రాంప్టర్.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నాటకం ఆడుతున్నప్పుడు పక్కతెర చాటున స్టూలు మీద కూర్చుని, రాతప్రతి ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచిపోయిన నటుడికి ఆ మాట అందించే మనిషే ప్రాంప్టర్. ప్రేక్షకులకు కనపడకూడదు, వినపడకూడదు. బాగా చేస్తే అలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ తెలియదు. చెయ్యకపోతే మాత్రం ఊరంతా తెలుస్తుంది. ఇలాంటి పనిలో ముప్పై ఎనిమిదేళ్ళు గడిపిన మనిషిని పిలిచి పతకం ఎవరిస్తారు, మీరే చెప్పండి!

ఆ విద్యలో పెద్దమ్మది అందె వేసిన చెయ్యి. వాక్యం మొత్తం చెప్పేది కాదు. మొదటి మాట ఒక్కటే, అదీ ఊపిరితో. నటుడు కావాలని ఆగాడా, మరిచిపోయి ఆగాడా అన్నది మొహంలో తెలియదనేది. "మొహానికి నటించడం వచ్చు. మడమలకు రాదు." మాట మరిచినవాడి మడమ కాస్త పైకి లేస్తుందట. అందుకే నాటకం నడిచినంతసేపూ ఆవిడ చూపు కాళ్ళ మీదే. పేరుమోసిన నటులు వీధిలో ఎదురుపడితే పోల్చుకునేది కాదు గానీ, ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడవగానే "అయ్యో, మీరా!" అనేది.

ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. మా పెదనాన్న గడియారాలు బాగుచేసేవాడు. మాట నిదానం. "నా ఇది ఎక్కడ పెట్టావు, ఆ..." అనేలోపే "పట్టకారు" అని అందించేది. పెళ్ళైన నాటి నుంచి ఆయన ఒక్క వాక్యం పూర్తిచేసిన పాపాన పోలేదు.

నిజానికి ఆవిడ నాటకశాలలో అడుగు పెట్టింది వేషం వేద్దామని. పందొమ్మిదో ఏట పనిపిల్ల వేషం దొరికింది. ఉన్నదల్లా ఒక్క మాట: "అయ్యగారూ, వాన వెలిసింది. బండి సిద్ధంగా ఉంది." నెల రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అదే వల్లించిందని మా అమ్మ చెబుతుంది. తీరా ఆ రోజు వేదిక మీదికి వెళ్ళింది, లైటు మీద పడింది, నోరు పెగల్లేదు. చాటునుంచి మాట అందించారు. అయినా పెగల్లేదు. అయ్యగారి వేషంలో ఉన్న కుర్ర నటుడు చూసి చూసి, దానికి జవాబుగా తను అనాల్సిన మాట మింగేసి, గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. జనం పగలబడి నవ్వారు.

మర్నాడు దర్శకుడు తిట్టలేదు. రాతప్రతి చేతికిచ్చి, "నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అక్కడ కూర్చో" అని స్టూలు చూపించాడు. పెద్దమ్మ కూర్చుంది. మళ్ళీ లైటులోకి రాలేదు.

ఆ కుర్ర నటుడే తరవాత అందరూ 'మహారాజు' అని పిలిచే పెద్ద నటుడయ్యాడు. రాజు వేషాలన్నీ ఆయనవే. గొంతు కంచు, జ్ఞాపకశక్తి చిల్లికుండ. పెద్దమ్మ లేకపోతే ఆయన రాజ్యాలన్నీ మొదటి అంకంలోనే కూలిపోయేవి. ఆవిడ గురించి పురస్కార సంఘానికి పన్నెండు పేజీల ఉత్తరం రాసింది కూడా ఆయనేనని తరవాత తెలిసింది.

కవరులో ఇంకో కాగితం ఉంది. పురస్కారం అందుకున్నవాళ్ళు వేదిక మీద రెండు నిమిషాలు మాట్లాడాలట. అది చదివి పెద్దమ్మ మొహం పాలిపోయింది.

"నేను వెళ్ళను. పోస్టులో పంపించెయ్యమను."

"అది పురస్కారం పెద్దమ్మా, పార్సిల్ కాదు!"

"వెయ్యిమంది ముందు మళ్ళీ నవ్వులపాలు కమ్మంటావా? ఒకసారి అయ్యాను. చాలు."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, అప్పుడు నవ్విన జనం మీద. ఏం చెయ్యాలో తోచక మహారాజుకు కబురు పెట్టాను. ఆయన వచ్చి చెప్పులు విడిచి, "నువ్వు మాట్లాడు. నీ స్టూలు మీద నేను కూర్చుంటా. మరిచిపోతే నేను అందిస్తా" అన్నాడు.

పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "మీరా? తా దూర సందు లేదు, మెడకో డోలట!" అంది. కానీ ఆ నవ్వులోనే ఒప్పుకుంది. నాలుగు వాక్యాలు రాసుకుని వారం రోజులు ఆయన ముందు అప్పజెప్పింది. వంటింట్లో నోరు బాగానే పెగిలింది.

పురస్కారం ఇచ్చే రోజు మధ్యాహ్నం రాజధానిలో పెద్ద హాలు. మెడలో పతకం వేశారు, చప్పట్లు కొట్టారు, మైకు ముందు నిలబెట్టారు. గుండ్రటి లైటు ఆవిడ మీద పడింది. పెద్దమ్మ చటుక్కున పక్కకు తప్పుకుంది. లైటు వెంటపడింది. ఇంకో అడుగు తప్పుకుంది. లైటూ జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ళు వెలుగు తగలకుండా ఒదిగి కూర్చున్న మనిషి మరి! జనం నవ్వారు. పెద్దమ్మ నిలబడిపోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మూడో వరసలోంచి నేను ఆవిడ కాళ్ళు చూశాను. మడమ లేచింది. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు పక్కతెర చాటునుంచి మహారాజు గుసగుస. కంచు గొంతుకు గుసగుస ఏం తెలుసు, ఆఖరి వరస దాకా వినపడింది: "నలభై రెండేళ్ళు..."

పెద్దమ్మ గిర్రున అటు తిరిగింది. "నలభై రెండు కాదండీ, ముప్పై ఎనిమిది! వారం రోజులు చెప్పాను కదా!"

మైకులో ఆ మాట ఖంగుమంది. హాలంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. తన గొంతు తనకే వినపడి పెద్దమ్మ ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. ఇక ఆగలేదు.

"ముప్పై ఎనిమిదేళ్ళు ఇంకొకళ్ళ మాటలు మోశాను. ఒక్కటీ కింద పడనివ్వలేదు. నాలా చాటున కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పతకం వాళ్ళందరిదీ."

నా పక్కన పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూ "మీ పెద్దమ్మ..." అని ఆగాడు. అందించేవాళ్ళు పక్కన లేరు. కాసేపు తడుముకుని తనే పూర్తిచేశాడు. "సాధించింది."

కావాలనే తప్పు చెప్పానని మహారాజు ఈ రోజుకీ ఒట్టేస్తాడు. పెద్దమ్మ నమ్మదు. నేనూ నమ్మేదాన్ని కాదు, ఆ తరవాత జరిగింది చూడకపోయుంటే.

కాగితంలోని నాలుగు వాక్యాలూ అయిపోయాయి. పెద్దమ్మ దిగిపోలేదు. "ఇంకొక్క మాట ఉంది. చెప్పాల్సిన రోజు చెప్పలేకపోయాను" అని పక్కతెర వైపు తిరిగి, లైటు నడిమధ్యన నిటారుగా నిలబడింది.

"అయ్యగారూ, వాన వెలిసింది. బండి సిద్ధంగా ఉంది."

అందరూ అయోమయంగా చూశారు. తెర చాటున స్టూలు కిర్రుమంది. కంచు గొంతు ఈసారి గుసగుసలాడలేదు.

"అయితే పద. ఇంకా ఆలస్యం దేనికి?"

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆయన మింగేసిన మాట అది. దాన్ని ఆయనకు ఎవరూ అందించలేదు.